మారుచున్న ఋతువులు – ఉన్నత పాఠశాలలలో వాని బోధనము

(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ప్రసంగము)



ఈ మహాసభయందలి విద్యాగోష్ఠిలో నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. మేము వక్తలము కాము. 1982 మొదలు 2018 వఱకు ఈ సముద్రతీరపు గ్రామములలోని ఉన్నత పాఠశాలలందు తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి పొందిన బడిపంతులము. ఇట్టి సభలలో విద్యను గుఱించి మాటాడువారు వసతిగృహములను గుఱించియు, విద్యార్థివేతనములను గుఱించియు, ఉద్యోగములలో మనవారి సంఖ్యను గుఱించియు ప్రసంగించుట పరిపాటి. అవి యన్నియు వలసినవే. వానిని చెప్పుటకు మాకంటె సమర్థులు ఈ వేదికమీదనే కలరు. మేము వేఱొక సంగతిని మీ ముందుంచ దలచితిమి. భూమి వేడెక్కుచున్నది, వానలును ఎండలును తమ పూర్వపు కొలతను తప్పుచున్నవి అని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు గదా. ఆ సంగతిని పదుమూడు మొదలు పదునాఱేండ్ల వయస్సుగల మన బాలబాలికలకు బడిలో ఏ విధముగ చెప్పవలయును? ఇదియే నేటి మా విషయము.

"కులసభకును మబ్బులకును ఏమి సంబంధము?" అని కొందఱు నవ్వవచ్చును. సంబంధము మన మగ్గపు గుంటలోనే కలదు. నేలలో గుంట త్రవ్వి, అందు కాళ్లుంచి, తొక్కుచు నేయు మగ్గము మనది. వాన గట్టిగ కురిసి వీధిలో నీరు నిలిచినచో ఇంటిలో మొదట నిండునది ఆ గుంట. నీరు తోడివేసినను చెమ్మ ఆరువఱకు మగ్గము ఆడదు. మగ్గముమీద నున్న పడుగు చెడును. వీధిలో పడుగు చాచి గంజి పెట్టు పని ఆగును. ఆ దినములకు కూలి లేదు. 2010 మే 20వ తేదీన లైలా తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను మరల ఆ బాపట్ల సమీపముననే తీరము దాటెను. ఈ రెంటిని గుఱించి తెలిసికొనుటకు గ్రంథములు తిరుగవేయ నక్కఱలేదు. మన యిండ్లలోని ఆడువారిని అడిగినచో చాలును. అట్టి యింటినుండి వచ్చిన బిడ్డ మా యెదుట బల్లమీద కూర్చుండగా మేము ఏమి చెప్పితిమో ఇప్పుడు విన్నవించెదము. అది మాకు కీర్తి తెచ్చు కథ కాదు.

పాఠశాలలలో పర్యావరణవిద్య నిర్బంధముగ నుండవలెనని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పెను. ఆ తీర్పు పాఠముగా మారి మా బడికి వచ్చినపుడు దానిని చెప్పువా రెవ్వరని ప్రశ్న పుట్టెను. లెక్కల మాస్టారికి లెక్కలును, సైన్సు మాస్టారికి సైన్సును చాలుచుండెను. ఖాళీ పీరియడులు గలవాడు తెలుగు పండితుడే గనుక ఆ పాఠము మా పాలబడెను. మేము చెప్పిన విధ మిది. నల్లబల్లమీద నిర్వచనము వ్రాసితిమి. దాని క్రింద కారణములు అయిదు, ఫలితములు అయిదు, నివారణోపాయములు అయిదు. అమరకోశమును వల్లించినట్లు పిల్లలు వానిని వల్లించిరి. నివారణోపాయములలో మొదటిది "చెట్లు నాటవలెను" అనునది.

2010 జూనులో బడి తెఱచిన వారమున ఈ పాఠము చెప్పుచుండగా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి నిలిచెను. లైలా తుఫానులో వారి యింటి మగ్గపు గుంట నిండినదని మే మెఱుగుదుము. "మాస్టారూ, మేము చెట్టు నాటకపోబట్టేనా అండీ మా గుంటలోకి నీళ్లొచ్చాయి?" అని ఆమె అడిగెను.

తరగతి నవ్వెను. మేమును నవ్వితిమి. "అది పరీక్షలో రాదమ్మా, కూర్చో" అంటిమి.

ఆ బాలిక పరీక్షలో ఆ పాఠమునకు పూర్తి మార్కులు తెచ్చుకొనెను. అయిదు కారణములను వరుస తప్పక వ్రాసెను. ఆ సంవత్సరమంతయు మమ్ము మఱి యే ప్రశ్నయు అడుగలేదు. పదవ తరగతి ముగిసిన పిమ్మట చదువు మాని మగ్గమున కూర్చుండెనని వింటిమి. ఆమె జవాబుపత్రము దిద్దునపుడు మే మెంత సంతోషించితిమో, ఆమె మౌనమును తలచికొని తరువాత అంత సిగ్గుపడితిమి. ఏలయన, ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలియదు. తెలియదని చెప్పుటకు ధైర్యమును లేకపోయెను. ఆమె మా ప్రశ్నకు జవాబు వ్రాసి మార్కులు పొందెను. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పని మాకు సున్న వేయువారు మాత్రము బడిలో లేకపోయిరి.

అటుపిమ్మట మేము సైన్సు మాస్టారివద్ద శిష్యులమై కూర్చుంటిమి. నాటినుండి నేటివఱకు తెలిసికొన్నది సంగ్రహముగ ఇది. బొగ్గును, పెట్రోలును, డీజిలును మండించినపుడు పుట్టు కార్బన్ డయాక్సైడును పాత పుస్తకములలో బొగ్గుపులుసుగాలి యనెడివారు. యంత్రయుగమునకు పూర్వము గాలిలో అది పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుండెను. 1958లో చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు హవాయి దీవియందలి మౌనా లోవా పర్వతముపై దానిని విడువక కొలుచుట ఆరంభించినపుడు సుమారు 315 పాళ్లుండెను. 2024 నాటికి 420 దాటెను. భూమినుండి పైకి పోవు వేడిమిని ఈ వాయువు కొంత పట్టి నిలుపును. 1850–1900 నాటి సగటుకంటె 2011–2020 దశాబ్దమున భూతలపు సగటు వేడిమి 1.1 డిగ్రీ హెచ్చెనని ఐక్యరాజ్యసమితి ప్రాపున నడచు శాస్త్రజ్ఞసంఘము 2021లో ప్రకటించెను. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు 7 పాళ్లు అధికముగ నీటియావిరిని మోయగలదు. కావున కురిసిన వాన కుండపోతగ కురియుటకు అవకాశము హెచ్చును.

ఇది తెలిసిన తోడనే మేము రెండవ తప్పు చేయబోతిమి. "ఈ తుఫాను భూతాపమువలననే వచ్చెను" అని తరగతిలో చెప్ప దలచితిమి. మా ప్రాచ్యకళాశాలలో చదివిన తర్కసంగ్రహము మమ్ము ఆపెను. పొగను చూచి నిప్పును ఊహించుటకు ముందు, పొగయున్న చోటనెల్ల నిప్పు కలదా యని శోధింపవలయునని ఆ శాస్త్రమున మొదటనే నేర్పుదురు. హేతువువలె తోచి హేతువు కానిదానిని హేత్వాభాసమందురు. బందరును ఉప్పెన ముంచినది 1864లో. దివిసీమను ముంచినది 1977 నవంబరు 19న. అన్నపు పొట్లములు మోసికొని అచటికి పోయిన విద్యార్థులలో మేమును ఒకరము. అప్పటికిని తుఫానులు కలవు గదా! అన్నిటికిని భూతాపమే కారణమని నేడు చెప్పి, రేపు ఆ పిల్లవాడు 1864 సంగతి చదివినచో, మనము చెప్పిన నిజమునుగూడ అబద్ధమని త్రోసివేయును. కావున చెప్పవలసిన దిది: తుఫానులు పూర్వమును కలవు, వేడెక్కిన సముద్రమును, ఆవిరి నిండిన గాలియు వాని బలమును వానను హెచ్చింపగలవు, ఏ యొక్క తుఫానులో ఎంత పాలు దీనిదో తేల్చుటకు ప్రత్యేక పరిశోధన కావలయును. ఒక దినపు కోపము మనుష్యుని స్వభావము కానట్లే ఒక దినపు ఎండ దేశపు శీతోష్ణస్థితి కాదు. 30 సంవత్సరముల సగటును చూచి శాస్త్రజ్ఞులు ఆ స్వభావమును నిర్ణయింతురు. ఈ వివేకమును నేర్పనిదే భూతాపమును నేర్పితిమనుట వట్టిమాట.

భాషాపండితులు ఈ పాఠమున చేయదగిన పని యింకొకటి కలదు. భూమి హరితగృహమువలె వేడెక్కుచున్నదని పుస్తకములు చెప్పును. ఇది ఉపమ. ఉపమయందు ఉపమానమునకును ఉపమేయమునకును ఒక సమానధర్మ ముండును గాని సర్వధర్మములును సమానములు కావని అలంకారశాస్త్రము చదివినవా రెఱుగుదురు. ముఖము చంద్రునివంటిదనగా ముఖమునకు అమావాస్య కలదని కాదు. మేము తరగతిని ఇట్లడిగితిమి: "గాజు ఇంటికిని ఆకాశమునకును పోలిక యెంతవఱకు? ఎచట చెడును?" పిల్లలు సైన్సు మాస్టారితో వాదించి తేల్చిరి. గాజు ఇల్లు ముఖ్యముగ లోని వేడిగాలిని కదలిపోనీయక ఆపును; ఆకాశమున అట్టి మూత లేదు; అచట కొన్ని వాయువులు వేడికిరణములను పట్టుకొని మరల విడుచుచున్నవి. రెంటికిని సమానధర్మము వేడిమి నిలుచుట మాత్రమే. ఉపమను వల్లించిన పిల్లవానికి ఒక మాట వచ్చును. ఉపమను పరీక్షించిన పిల్లవానికి విషయము వచ్చును.

ఇక వానను కొలిచిన సంగతి. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఒక ముచ్చట కలదు. కోష్ఠాగారమున మూరెడు వెడల్పు నోరుగల కుండమును వర్షమానముగ ఉంచవలెనని ఆయన విధించెను. ఏ దేశమున ఎంత వాన కురియునో తెలిసి విత్తనము వేయింపవలయునని ఆయన యభిప్రాయము. ఇది చెప్పగా పిల్లలు "మనమును పెట్టుద"మనిరి. నిలువుగ నున్న ప్లాస్టిక్ సీసా మెడ కోసి, ఆ మెడనే తలక్రిందులుగ గరాటువలె దానిపై నుంచి, ప్రక్కన స్కేలు అంటించి, అడుగున ఇసుకయు, దానిపై గుర్తువఱకు నీరును పోసి, బడి ఆవరణమున చెట్టుగాని గోడగాని అడ్డులేని చోట నిలిపితిమి. ప్రతి దినము ఉదయము ఎనిమిదిన్నరకు ఒకరు కొలిచి వ్రాయవలెను. ఆ పుస్తకమునకు "వానపుస్తకము" అని వారే పేరు పెట్టిరి. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు నేలపై కురిసినచో ఒక లీటరు నీరగును. 40 చదరపు మీటర్ల ఇంటి కప్పుపై 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఎన్ని లీటర్లు? నాలుగు వేలు. ఆ నాలుగు వేల లీటర్లు ఎచటికి పోవుచున్నవి? ఈ ప్రశ్న ఏ పాఠ్యపుస్తకములోను లేదు. వానపుస్తకమునుండి అది తనంత తాను పుట్టెను.

సంస్కృతము చదివినవారికి ఒక గర్వ ముండును. అన్నియు మన పూర్వులు చెప్పిరనుటయే ఆ గర్వము. మాకును అది కలదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘముల గర్భధారణమును గుఱించి ఒక అధ్యాయము వ్రాసెను. మార్గశిరము మొదలుకొని ఆకాశమున కొన్ని లక్షణములు కనబడిన దినమునకు 195 దినముల పిమ్మట ఆ గర్భము ప్రసవించి వాన కురియునని ఆయన చెప్పెను. 2011 మార్గశిరమున మేము ఎనిమిదవ తరగతివారికి ఆ లక్షణములు తెలిపి వ్రాసికొనుడంటిమి. మరుసటి జూను వచ్చునప్పటికి వారు తొమ్మిదవ తరగతివారైరి. దినములు లెక్కించి చూడగా కొన్ని కలసెను, కొన్ని తప్పెను. కలసిన దినములను చూచి మేము మిక్కిలి పొంగిపోతిమి. అప్పు డొక బాలుడు లేచి, "గురువుగారూ, ఏ లక్షణమూ కనబడని రోజులకు కూడా 195 రోజులు లెక్కేసి చూద్దామండీ. జూన్ జూలైల్లో వాన ఎలాగూ పడుతుంది కదా" అనెను.

మాకు చివుక్కుమనెను. ఐనను 2010 నాటి బాలిక జ్ఞప్తికి వచ్చి, "అట్లే చేయుడు" అంటిమి. రెండవ పట్టిక వ్రాసిరి. రెండు పట్టికలును ఇంచుమించుగ ఒక్కరీతినే యుండెను. ఒక్క సంవత్సరపు లెక్కతో శాస్త్రమును కొట్టివేయరాదని మేమంటిమి. నిలబెట్టను రాదని వారనిరి. ఇరువురమును సత్యమే చెప్పితిమి. వరాహమిహిరుడును గర్గ పరాశరాదుల మతములను ఎదుటనుంచుకొనియే తన గ్రంథము వ్రాసెను. ఆయనను కన్నులు మూసికొని పొగడుటకంటె కన్నులు తెఱచి పరీక్షించుటయే ఆయనకు తగిన మర్యాద యని మాకు ఆనాడు తోచెను. మా 36 సంవత్సరముల ఉద్యోగములో ఒక శిష్యుడు మమ్ము ఓడించిన దినములలో అది యుత్తమమైనది.

పరీక్షించు అలవాటు ఏర్పడిన పిమ్మట పెద్దల మాటలనుగూడ పిల్లలు వినయముతో పరీక్షించిరి. "మా కాలంలో ఇన్ని ఎండలు లేవు" అని ప్రతి యింటి అవ్వయు అనును. ఆ మాట అబద్ధము కాదు, ప్రమాణమును కాదు, విచారణకు ఆరంభము. మేము పిల్లలను వేటపాలెములోని సారస్వతనికేతనమునకు తీసికొనిపోతిమి. 1918లో స్థాపింపబడిన ఆ గ్రంథాలయమున పాత పత్రికలు భద్రముగ కలవు. ఏ యే సంవత్సరమున ఏ మాసమున వాన, వఱద, కఱవు వార్తలు పడెనో వ్రాసికొనుడంటిమి. ఒక బాలిక సందేహించెను: "పేపర్లో పడకపోతే వాన పడనట్టా అండీ?" సరియైన సందేహము. పట్టణపు వఱద పత్రికలో పడును. పల్లెటూరి వఱద పడకపోవచ్చును. శబ్దప్రమాణమునకు ఆప్తుడు ఎవ్వడని తార్కికులు అడుగుదురు గదా. నేడు చేతిలోని ఫోనునకు వచ్చు ప్రతి వార్తకును ఈ ప్రశ్నయే వేయవలయును: చెప్పినవా డెవడు, వానికెట్లు తెలిసెను, చెప్పుటవలన వానికేమి లాభము?

అంతట మేము ఆ బాలిక ప్రశ్ననే తరగతికి పాఠముగ నిచ్చితిమి. "మగ్గపు గుంటలోనికి నీరు వచ్చుటకు దోషి యెవరు?" అని రచ్చబండ పంచాయతీ యొకటి పిల్లలచేత ఆడించితిమి. ఒకడు సముద్రము, ఒకతె మబ్బు, ఒకడు విద్యుత్కేంద్రములో మండు బొగ్గు, ఒకడు మురుగుకాలువ, ఒకతె సిమెంటురోడ్డు, ఒకతె చెట్టు నాటని గృహస్థురాలు. ప్రతివారును తమ వాదము తామే వ్రాసికొనవలెను. ఊరక వ్రాయరాదు, చూచి కొలిచి వ్రాయవలెను. సిమెంటురోడ్డు వేషము వేసిన బాలిక స్కేలును దారమును పట్టుకొని వీధివీధి తిరిగెను. పాతరోడ్డుమీద క్రొత్తరోడ్డు, దానిమీద మఱియొకటి వేయగా, ఎత్తు పెరిగి, ఇండ్ల గడపలు వీధికంటె దిగువ పడెనని కొలిచి చూపెను. మురుగుకాలువ వేషము వేసినవాడు, "నన్ను ఇరుప్రక్కల ఆక్రమించిరి, నోటిలో చెత్త పోసిరి, నే నెట్లు నీరు మోతును?" అని వాదించెను. బొగ్గు వేషమువాని వాదమే కఠినము. "నన్ను మండించి వెలుగు, చల్లదనము అనుభవించినది మీరే, నన్నేల దూషింతురు?" అని అతడనెను. అప్పుడు పంచాయతీ పెద్ద "ఎవరు ఎంత అనుభవించిరో లెక్క తెమ్ము" అని ఆజ్ఞాపించెను.

ఆ లెక్క పిల్లలు తప్పక తెలిసికొనవలసినది. బొగ్గు, నూనెలు మొదలగువాని వలన సంవత్సరమునకు సగటున ఒక భారతీయుని పాలు ఇంచుమించు 2 టన్నుల బొగ్గుపులుసుగాలి. ఒక అమెరికావాసి పాలు ఇంచుమించు 14 టన్నులు. ఆ 2 టన్నుల సగటులోను నాలుగు గదులకు ఏసీలు గలవానిని, కరెంటు అక్కఱలేని చేతిమగ్గముపై కాళ్లతో తొక్కి నేయువానిని కలిపియే లెక్కించిరి. ఇంటిలో చెట్టు నాటనందున ఈ నీరు వచ్చెనని ఒక నేతగాని బిడ్డకు తోచునట్లు చెప్పుట అసత్యము, అంతకంటె అన్యాయము. చెట్టు నాటుట మంచిదే. కాని అది దోషమును బీదవాని గడపలో పాతిపెట్టు గుంట కారాదు. ఆ పంచాయతీ తీర్పులో గృహస్థురాలు నిర్దోషి యని విడుదలయ్యెను. తక్కినవారికి వారివారి పాళ్లు విధింపబడెను. పిల్లలు రోడ్డు కొలతలను, కాలువ పటమును జతచేసి గ్రామపంచాయతీకి అర్జీ వ్రాసిరి. కాలువలో కొంత భాగము బాగుపడెను, కొంత నేటికిని బాగుపడలేదు. ఈ రెండవదియు వారి చదువులో భాగమే.

ఒక హెచ్చరిక చేసెదము. ఈ పాఠమును చెప్పు ఉపాధ్యాయులలో కొందఱు ప్రళయము వచ్చినట్లు వర్ణించి పిల్లలను భయపెట్టుదురు. 2015 మేనెలలో రెండు తెలుగు రాష్ట్రములలోను ఎండదెబ్బకు వేయిమందికి పైగా మరణించిరి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది ఇండ్లు మునిగెను. ఇవి దాచవలసినవి కావు. కాని భయము నేర్పి విడిచినచో పిల్లవాడు చెవులు మూసికొనును. ప్రతి భయమునకు ప్రక్కన అతని చేతికి అందు పని యొకటి ఉంచవలయును. ఎండలో ఏ గంటలు బయట పనిచేయరాదో తాతకు చెప్పుట, మగ్గపు గదిలో వేడిమిని కొలిచి వ్రాయుట, గుంట చుట్టును ఎత్తుగట్టు ఎంత కావలెనో లెక్కించుట, ఇట్టివి. అతడు చేయగలదానిని అతనికిచ్చి, చేయలేనిది పెద్దల బాధ్యత యని స్పష్టముగ చెప్పవలయును. పెద్దల బరువును పిల్లల వీపుపై పెట్టరాదు.

మీలో కొందఱి మనస్సులలో నున్న ఆక్షేపణలు మాకు తెలియకపోలేదు. "దీనివలన మార్కులు వచ్చునా?" అని తలిదండ్రు లడుగుదురు. వెంటనే వచ్చునని మేము వాగ్దానము చేయలేము. సగటు కట్టుట, పటము గీయుట, అర్జీ వ్రాయుట, వాదమును ఖండించుట వచ్చిన బిడ్డకు ఏ పరీక్షయందును ఇవి అడ్డురావని మాత్రము చెప్పగలము. "ఇది ప్రభుత్వము పని, సంఘమున కేల?" అని దాత లడుగవచ్చును. ప్రభుత్వపు పని ప్రభుత్వము చేయవలసినదే. కాని నీరు మన గుంటలోనికి వచ్చునపుడు అది ఎవరి పని యని అడిగి ఆగుట లేదు. "ఇది మనవారి పిల్లలకు మాత్రమేనా?" అనునది మూడవ ప్రశ్న. వానకు కులము లేదు. బడిలోని వానకుండ ఒక్క కులమువారిది కాజాలదు. మన సంఘము ధనమిచ్చిన కుండలో పొరుగు పిల్లవాడును కొలిచినపుడే మన సంఘమునకు గౌరవము.

కావున ఈ మహాసభకు మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: మనవారు నివసించు ప్రతి గ్రామములోని ఉన్నత పాఠశాలకు ఒక వర్షమాపకమును, ఒక ఉష్ణమాపకమును, గట్టి అట్టగల ఒక వానపుస్తకమును సంఘము పక్షమున సమర్పింపవలయును. ఒక్క సన్మానసభలో శాలువలకును పూలదండలకును అగు వ్యయము అనేక గ్రామములకు చాలును. రెండవది: మన వసతిగృహములలో ఆదివారమున ఒక గంట ప్రశ్నల గంటగ నేర్పఱచవలయును. ఆ గంటలో పెద్దలు జవాబులే చెప్పవలెనని లేదు. తెలియనిదానిని తెలియదని చెప్పుట నేర్చుకొన్నను చాలును. మూడవది: ప్రతివత్సరమును ఈ సంచికలో ఎక్కువ మార్కులు పొందిన మన విద్యార్థుల పట్టిక ప్రకటించుచున్నారు. ఆ పట్టిక ప్రక్కన ఆ సంవత్సరమున మన బాలబాలికలు అడిగిన మంచి ప్రశ్నల పట్టిక నొకదానిని గూడ ప్రకటింపవలయును. మార్కులు పొందినవారిని గౌరవించు సంఘములు అనేకము కలవు. ప్రశ్న అడిగినవారిని గౌరవించు సంఘము మనది కావలెనని మా కోరిక.

ఆ పట్టికలో మొదటి ప్రశ్న యేదో మేము ఇప్పుడే చెప్పగలము. 2010 జూనులో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అడిగిన ప్రశ్న అది. ఆమె నేడు ఈ పందిరిలోనే కూర్చుండి యుండవచ్చును. లేక తన మగ్గముమీదనే యుండవచ్చును. ఎచట నున్నను ఆమెకు మా జవాబు ఇది: అమ్మా, మీరు చెట్టు నాటకపోవుట కారణము కాదు. కారణములు అనేకములు, కొన్ని సముద్రములకు ఆవల కలవు, కొన్ని మన వీధిలోనే కలవు. వానిని వేఱువేఱుగ కొలిచి చూపిన పిల్లలు నీ తరువాత ఆ తరగతిలోనే చదివిరి. వారందఱికిని దారి చూపినది నీ ప్రశ్నయే. నిన్ను కూర్చుండు మన్నది మా అజ్ఞానము. జవాబు ఇన్నియేండ్లు ఆలస్యమైనందుకు మమ్ము క్షమింపుము.

మన సంఘము వర్ధిల్లుగాక! వానలు మితముగ కురియుగాక! మన పిల్లలు నిర్భయముగ ప్రశ్నింతురుగాక!

స్వస్తి.